చక్కెర దీవుల ప్రతిన

1953 అక్టోబరు. ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్. సెయింట్ జేమ్స్ పేటలో నేపాల్ వీధి, 26వ నంబరు ఇల్లు. ఇరుకు స్థలంలో నిలువుగా లేచిన చిన్న మేడ. ఇంటాయన పేరు సీపర్సాద్ నైపాల్, ‘ట్రినిడాడ్ గార్డియన్’ పత్రికలో విలేకరి. ఏళ్ల తరబడి అత్తవారి నీడన గడిపి, అప్పు చేసి కొనుక్కున్న సొంతిల్లు అది. ఆ ఏడాదే ఒకసారి గుండెపోటు వచ్చింది. కోలుకున్నాడు. అక్టోబరులో మళ్లీ వచ్చింది. ఈసారి వదల్లేదు. అప్పటికాయన వయసు 47. పెద్దకొడుకు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్నాడు, తండ్రి కడచూపు దక్కలేదు. ఎనిమిదేళ్లకు, 1961లో, ఆ తండ్రి బతుకునే ‘ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిస్వాస్’ నవలగా మలిచాడు. ఆ కొడుకే వి.ఎస్. నైపాల్.

నవలను ప్రపంచమంతా చదివింది. అయితే నలభై ఏడేళ్లకే ఒక మనిషి గుండె ఎందుకు ఆగిపోయినట్టు? ఇలాంటి చావు జరిగినప్పుడు ‘నూకలు చెల్లాయి’ అని సరిపెట్టుకోవడం మనకు అలవాటు. ఈ గాథ ఆ మాటతో సరిపెట్టుకోని వాళ్లది.

నేపాల్ వీధి ఉన్న ఆ పేటలోనే మద్రాసు వీధి ఉంది, కలకత్తా వీధి ఉంది, బొంబాయి వీధి ఉంది. కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి, చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ల ఆనవాళ్లవి. కరీబియన్ తోటలకు మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతోపాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడా మధుమేహాన్ని ‘షుగర్’ అనే అంటారు. రక్తపోటు ‘ప్రెషర్’. ‘ఆవిడకు షుగర్ ఉందిట’ అన్న మాట బార్బడోస్ వాకిట్లో విన్నా, బాపట్ల అరుగు మీద విన్నా గుండెలో కలుక్కుమనేది ఒకేలాగే.

1970ల చివర్లో వైద్య పరిశోధకులు ఈ సెయింట్ జేమ్స్ పేటనే ఎంచుకుని జనం రక్తపోటు, షుగరు కొలిచారు. కొలిచి ఊరుకోలేదు. ఏళ్ల తరబడి వాళ్లను కనిపెట్టుకుని ఉండి, ఎవరు ఎందువల్ల పోతున్నారో నమోదు చేశారు. భారత సంతతి వాళ్లలో షుగరు ఎక్కువ, గుండెజబ్బు చావులూ ఎక్కువ. సీపర్సాద్ ఒక్కడి నొసటి రాత కాదది. వీధులకు వీధులదే ఆ రాత.

★

దానికి కొన్నేళ్ల ముందు జమైకాలోని మోనాలో ఒక బార్బడోస్ డాక్టరు పసిపిల్లలకు వైద్యం చేస్తుండేవాడు. పేరు జార్జ్ అలేన్, 1932లో పుట్టాడు. వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే పోషకాహార లోపం మీద పరిశోధన చేశాడు. తిండి చాలక డొక్కలు ఎండి, పాదాలు నీరు పట్టి వాచిన పిల్లలు ఆయన రోగులు. తర్వాత 1995 నుంచి 2003 దాకా పాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్‌కు అధిపతిగా ఉన్నాడు. కరీబియన్ నుంచి ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆయనే.

ఒక్క జీవితకాలంలో ఆయన కళ్లముందే కథ తిరగబడింది. ఆకలి తగ్గింది, ఒళ్లు పెరిగింది. ఆయన పుట్టిన బార్బడోస్‌లో షుగర్ రోగుల కాళ్లు తీసేయాల్సి రావడం ప్రపంచంలోనే బాగా ఎక్కువగా ఉన్న చోట్లలో ఒకటయిందని అధ్యయనాలు తేల్చాయి.

కాలు తీసేయడమంటే ఏమిటో పత్రికలో ఒక అంకెగా చదివితే తెలియదు. షుగరు ముదిరితే ముందు పాదంలో స్పర్శ పోతుంది. చెప్పులో గులకరాయి దూరినా తెలియదు. సాయంత్రం చెప్పు విప్పినప్పుడు అట్టకు అంటిన తడి మరక చూసి ‘ఇదెక్కడిదీ’ అనుకుంటారు. నాలుగు రోజులకు బొటనవేలి పక్కన నల్లబడుతుంది. నొప్పి లేదు కాబట్టి భయమూ ఉండదు. ఆ తర్వాత వేలు, ఆపైన పాదం, ఆపైన మోకాలి కింద దాకా. కత్తి ఎక్కడ ఆగాలో పుండు నిర్ణయిస్తుంది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజు గుమ్మం దగ్గర ఒక చెప్పు మిగిలిపోతుంది. దాన్ని పారేయడానికి ఇంట్లో ఎవరికీ చేయి రాదు.

దీనికంతటికీ రోగి నోటినే తప్పు పట్టడం తేలిక. ఆ దీవుల చరిత్ర తెలిస్తే అంత తేలిగ్గా అనలేం. మూడు వందల ఏళ్లు దొరలు అక్కడి మంచి నేలనంతా చెరకుతో నింపారు. పొలంలో పనిచేసే బానిసకు తిండి మాత్రం ఓడలో రావాలి. ఉప్పులో ఊరేసిన చేప, ఉప్పు పట్టించిన పంది మాంసం. బానిసత్వం పోయింది, ఓడ మాత్రం రావడం మానలేదు. గోధుమపిండి, డబ్బా మాంసం, నూనెలు, తీపి పానీయాలు ఇప్పటికీ రేవులోనే దిగుతున్నాయి. పళ్లెంలోకి ఏం రావాలన్నది వంటింట్లో కాదు, ఎక్కడో దూరాన నిర్ణయమైపోతున్నప్పుడు ‘నోరు కట్టుకో’ అన్న డాక్టరు సలహా ఎంతవరకు పనిచేస్తుంది?

★

ఈ జబ్బులు పేదవాళ్ల గుమ్మం దగ్గరే ఆగలేదు. 1985 మార్చిలో బార్బడోస్ ప్రధాని టామ్ ఆడమ్స్ పదవిలో ఉండగానే గుండెపోటుతో పోయాడు, వయసు 53. 2000 అక్టోబరులో డొమినికా ప్రధాని రోజీ డగ్లస్, 58. ఆయన స్థానంలో వచ్చిన పియెర్ చార్లెస్ 2004 జనవరిలో, 49 ఏళ్లకే. ఒకే దేశంలో, ఒకే కుర్చీలో, వరసగా ఇద్దరు ప్రధానులు, అదీ నాలుగేళ్లు తిరక్కుండా.

ఇంత జరుగుతుంటే కరీబియన్ దేశాల నాయకులకు ఈ సంగతి ఎవరైనా వచ్చి చెప్పాలా? చెప్పాలి. తెలియడం వేరు, ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒప్పుకోవడం వేరు. 2001లో బహామాస్‌లోని నసావులో కలిసినప్పుడు, ప్రాంతం ఆరోగ్యమే ప్రాంతం సంపద అని ప్రకటించారు. మన ‘ఆరోగ్యమే మహాభాగ్యం’ లాంటి మాటే. మాట దగ్గరే ఆగకుండా అలేన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. ఆ కమిషన్ లెక్కలన్నీ తిరగేసి 2005లో నాయకుల ముందు పెట్టింది. గుండెజబ్బు, పక్షవాతం, షుగరు, బీపీ, క్యాన్సర్. దీవులను తినేస్తున్నవి ఇవని తేల్చింది.

ఇక్కడ మన పాఠకులకు ఒక సంగతి గుర్తుచేయాలి. వెస్టిండీస్ అనే దేశం లేదు. మనకు తెలిసిన ఆ క్రికెట్ జట్టు, ఎన్నో చిన్న చిన్న దేశాలు కలిసి ఒక్క టోపీ పెట్టుకోవడం. విశ్వవిద్యాలయమూ అలాంటిదే. కారికామ్ అనే 15 సభ్యుల కూటమీ అలాంటిదే. 1973లో పుట్టిన ఆ కూటమిలో బార్బడోస్ జనాభా మన కడప నగరమంత కూడా లేదు. మాంట్‌సెరాట్ అయితే ఓ పెద్ద పల్లెటూరంత, సుమారు 5,000 మంది. విడివిడిగా ఎంత అరిచినా వినపడని గొంతులవి. కలిస్తే ఏం చేయగలరో 2007 ప్రపంచకప్పులో చూపించారు. దీవి దీవికీ వేరే వీసా అక్కర్లేకుండా కొన్ని నెలలపాటు ఒకే వీసా నడిపారు. అంతకు ముందే పోలియోనూ, తట్టునూ తరిమేసినవాళ్లు వాళ్లు.

ప్రపంచకప్పు ముగిసిన దాదాపు అయిదు నెలలకు, 2007 సెప్టెంబరు 15, శనివారం, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని క్రౌన్ ప్లాజా హోటల్లో కారికామ్ దేశాధినేతలు సమావేశమయ్యారు. అజెండాలో అప్పులు లేవు, సరిహద్దులు లేవు, తుపాను సాయం లేదు. షుగరు, బీపీ, గుండె, క్యాన్సర్, అంతే. దీర్ఘకాలిక జబ్బుల కోసమే దేశాధినేతలు ఇలా కూర్చోవడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆతిథ్యం ట్రినిడాడ్ ప్రధాని పాట్రిక్ మానింగ్‌ది. అప్పట్లో కూటమిలో ఆరోగ్య బాధ్యత చూసింది నాటి సెయింట్ కిట్స్ ప్రధాని డెంజిల్ డగ్లస్, స్వయానా డాక్టరు. ఆ హోటల్ రేవు ఒడ్డునే ఉంటుంది. లోపల ఉప్పు గురించీ కొవ్వు గురించీ చర్చ సాగుతుండగా, కిటికీ అవతల ఏ ఓడ కంటైనర్లు దింపుతూ ఉండి ఉంటుందా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఆ రోజు వెలువడిన ప్రకటనలో ‘వ్యాయామం చేయండి, పండ్లు తినండి’ అన్న నీతిబోధకన్నా ప్రభుత్వాలు తమ మీద పెట్టుకున్న బాధ్యతలే ఎక్కువ. పొగాకు మీద చట్టం తెస్తాం, బహిరంగ స్థలాల్లో పొగను ఆపుతాం. సిగరెట్టు, మద్యం పన్నుల సొమ్మును జబ్బుల నివారణకు మళ్లిస్తాం. బడిలో ఆటల పీరియడు తిరిగి తెస్తాం. తిండిలోంచి ట్రాన్స్‌ఫ్యాట్ తీయిస్తాం. ప్యాకెట్ మీద లోపల ఏముందో రాయిస్తాం. వాణిజ్య ఒప్పందాల్లో మన పంటకు చోటు అడుగుతాం. 2012 నాటికి రోగుల్లో 80 శాతానికి మంచి వైద్యం అందిస్తాం. ఏటా సెప్టెంబరు రెండో శనివారం కరీబియన్ వెల్‌నెస్ డే జరుపుతాం.

షుగరును చర్చించే బల్ల దగ్గర వాణిజ్య ఒప్పందాల మాట రావడం నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. రోగం మూలం డాక్టరు గదిలో లేదని దేశాధినేతలే ఒప్పుకున్నారన్నమాట.

★

అక్కడి నుంచి ఆ మాట సముద్రం దాటింది. 2009 నవంబరులో కామన్వెల్త్ దేశాల నేతలు అదే పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు వస్తే, వాళ్లచేతా ఈ జబ్బుల మీద ప్రకటన చేయించారు. 2010 మేలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ప్రత్యేక సమావేశానికి ఒప్పుకుంది. 2011 సెప్టెంబరు 19, 20 తేదీల్లో న్యూయార్క్‌లో అది జరిగింది. ఒక ఆరోగ్య సమస్య మీద ఆ స్థాయి సమావేశం అంతకుముందు ఎయిడ్స్‌కు తప్ప జరగలేదు. పిడికెడు దీవులు కలిసి తట్టిన తలుపు అది.

ఇంటి దగ్గర పని అంత జోరుగా నడవలేదు. ఈ ప్రతిన ఎంతవరకు నెరవేరిందో చూడమని వెస్టిండీస్ విశ్వవిద్యాలయానికి చెందిన అలాఫియా సామ్యూల్స్ బృందాన్ని నియోగిస్తే, వాళ్లు ఉన్నదున్నట్టు చెప్పారు. వెల్‌నెస్ డే చక్కగా జరుగుతోంది. బడి, తిండి విషయంలో ఇచ్చిన మాటలు వెనకబడ్డాయి. వేదిక కట్టి, జుంబా ఆడించి, బీపీ చూసి పంపడం సులువు. బడి గేటు ముందు కూల్‌డ్రింకు అమ్మకం ఆపాలంటే ఎవరో ఒకరి వ్యాపారం మీద చెయ్యి వేయాలి.

అలా చెయ్యి వేసినవాళ్లూ ఉన్నారు. బార్బడోస్ 2015లో తీపి పానీయాల మీద 10 శాతం పన్ను వేసింది. మొదటి ఏడాది అమ్మకాలు అంచనాకన్నా సుమారు 4 శాతం తగ్గాయి, మంచినీళ్ల సీసాలు ఎక్కువ అమ్ముడయ్యాయి. చాలదని 2022 ఏప్రిల్ నుంచి పన్నును 20 శాతానికి పెంచింది. ట్రినిడాడ్ 2017లో బడుల్లో తీపి పానీయాలను ఆపేసింది. ఇవి ఒక్కో దేశం తన గడప లోపల చేసుకోగల పనులు.

గడప దాటిన పని దగ్గరే చిక్కు వచ్చిపడింది. అది ప్యాకెట్ మీది ముద్ర. చిలీ దేశం 2016 నుంచి ఉప్పో చక్కెరో కొవ్వో మోతాదు మించితే ప్యాకెట్ ముందువైపున నల్లటి అష్టభుజి ముద్ర వేయిస్తోంది. చదువు రానివాళ్లకూ అది తెలుస్తుంది. కరీబియన్‌లోనూ అదే కావాలని ఆరోగ్యశాఖల వాళ్లు, స్వచ్ఛంద సంఘాల వాళ్లు పట్టుపట్టారు. ఒక్క దీవి తనంత తానుగా అడిగితే ‘మీ మూడు లక్షల మంది కోసం వేరే ప్యాకెట్ అచ్చేయలేం’ అని చెప్పడం కంపెనీకి ఎంతసేపు? పక్క దీవి నుంచి వచ్చే సరుకును ఆపితే ఉమ్మడి మార్కెట్ నియమాలు అడ్డొస్తాయి. అందుకే అందరికీ ఒకే ప్రమాణం కావాలి. దానికి కూటమిలో ముప్పావు వంతు దేశాలు తలూపాలి. ఆహార పరిశ్రమ ఉన్న దేశాల లెక్క వేరు, దిగుమతి మీదే బతికే దేశాల లెక్క వేరు. ఏళ్ల తరబడి ఆ ముప్పావు వంతు కుదరలేదు. పోలియో వైరస్‌కు వత్తాసు పలికే పరిశ్రమ ఏదీ లేదు. ఉప్పుకూ చక్కెరకూ ఉంది.

★

నేపాల్ వీధిలో 26వ నంబరు ఇల్లు ఇప్పటికీ ఉంది. రచయిత జ్ఞాపకంగా దాన్ని కాపాడుకుంటున్నారు. అక్కడి నుంచి నాలుగడుగులు వేసి పేటలో ఏ కొట్టుకు వెళ్లినా కనిపించే దృశ్యం ఒకటుంది. షుగరుతో చూపు మసకబారిన ఒక నానమ్మ అలమర ముందు నిలబడి డబ్బా మాంసం చేతిలోకి తీసుకుంటుంది. వెనకవైపు ఆవగింజంత అక్షరాలు. కళ్లజోడు పైకి జరిపి, కిందికి జరిపి చూస్తుంది. లాభం లేక మనవడి చేతికిస్తుంది. వాడు కూడబలుక్కుని చదువుతాడు, సోడియం, ఇన్ని మిల్లీగ్రాములు.

‘‘ఎంతుంటే ఎక్కువ, నానమ్మా?’’

ఆవిడ డబ్బా వెనక్కి తీసుకుని, ముందువైపుకు తిప్పి, వెలుతురులోకి పట్టి చూస్తుంది. అక్కడ నవ్వుతున్న ఆవు బొమ్మ తప్ప ఇంకేమీ లేదు.