నవాబుల రాజ్యంలో కిరాయిదార్లు

"మీకేందిరా, నిజాం వారసులు" అని బడిలో దోస్తులు ఎగతాళి చేసేవాళ్ళు. ఆ నిజాం వారసుడు కోరుట్లలో పదో తరగతి దాటేలోపు ఆరు కిరాయి ఇళ్ళు మారాడు.

ఇల్లంటే మాకు తల దాచుకునే చోటు మాత్రమే కాదు. అమ్మీకి అదే కార్ఖానా. తునికాకు నానబెట్టేదీ, కత్తిరించేదీ, చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టేదీ అక్కడే. "తంబాకు గాటు లేస్తున్నది, ఖాళీ జెయ్యున్రి" అనేవాడు ఒక ఇంటాయన. ఇంకో ఆయనకు మా వంటింటి వాసన గిట్టేది కాదు. కొందరైతే అంత దూరం రానిచ్చేవాళ్ళే కాదు. పేరు అడిగి, "నిన్ననే వేరేటోళ్లకు ఇచ్చినం" అనేవాళ్ళు. మరుసటి నెల కూడా ఆ ఇంటికి తాళమే ఉండేది.

కిరాయి అనేది ఇంటాయనకూ మనకూ మధ్య గొడవ మాత్రమేనా? సర్కారుకు దానితో సంబంధం లేదా? ఒకప్పుడు ఉండేది. ఆ సంగతి మన చరిత్ర పుస్తకాల్లో చార్మినార్ వెనక ఎక్కడో పడిపోయింది.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదులో వేల ఇళ్ళు కొట్టుకుపోయాయి. ఆ వెనకే ప్లేగు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ప్లేగు తర్వాత బొంబాయిలో 1898లో ఇలాంటి సంస్థ అప్పటికే వచ్చి ఉంది. హైదరాబాదు బోర్డు ఇరుకు బస్తీలను కూల్చింది, రోడ్లు వెడల్పు చేసింది. అంతటితో ఆగకుండా వరుసల్లో ఇళ్ళు కట్టి, తరగతులుగా విడదీసి, కిరాయికిచ్చింది. మల్లేపల్లిలో వాటిని ఇప్పటికీ క్వార్టర్లనే అంటారు. ఇంటి యజమాని సర్కారు, కిరాయి వసూలు చేసేదీ సర్కారే.

దీన్ని చెప్పి నిజాంకు జిందాబాద్ కొట్టమనడం లేదు. వెడల్పయిన ప్రతి రోడ్డు కిందా ఎవరిదో ఒక గల్లీ ఉంది. బోర్డు పేరులోనే నగరం ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దాని నక్షాలో లేవు. పల్లెల్లో వెట్టి చేసినవాళ్ళు, ఊళ్ళల్లో కూలి చేసినవాళ్ళు ఆ రాజ్యంలో ఏ మతంవాళ్ళయినా అనాథలే. నేను చెప్పేది ఒక్కటే. నవాబుల రాజ్యం అంటారే, ఆ రాజధానిలోనే కిరాయి కట్టలేని ముసల్మానులు ఉన్నారు. వాళ్ళకు ఇల్లు చూపడం సర్కారు పని అని ఆనాటి సర్కారే ఒప్పుకుంది.

1948లో పోలీసు చర్య జరిగింది. నౌకర్లు పోయినవాళ్ళు, పల్లెలు విడిచి పట్నం చేరినవాళ్ళు కిరాయిదార్ల సంఖ్య పెంచారు. తర్వాతి సర్కార్లకు ఇల్లంటే పట్టా చేతికిచ్చే సొంతిల్లే. కిరాయి సంగతిని 1960 నాటి అద్దె నియంత్రణ చట్టానికి వదిలేశారు. ఇంట్లో ఉన్నవాణ్ణి కారణం లేకుండా వెళ్ళగొట్టకుండా ఆ చట్టం కాస్త కాపాడుతుంది. గడపే తొక్కనివ్వని యజమానిని అది ఏమీ అడగదు.

బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చింది. ఆ నిధి కింద ఇంటికిచ్చే సాయాన్ని 2016లో లక్షన్నర రూపాయలు చేశారు. అయితే కట్టుకోవడానికి సొంత జాగా ఉండాల్సి వచ్చేది. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం అయిదు లక్షలిస్తుంది. మొదటి విడత అక్కడ కూడా జాగా ఉన్నవాళ్ళకే. జాగా ఉంటే అమ్మీ ఆరు ఇళ్ళు ఎందుకు మారుతుంది?

2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం ఇళ్ళు జాగా లేనివాళ్ళ కోసమే. 2021 జూలైలో సిరిసిల్ల పక్కన మండెపల్లిలో 1,320 ఇళ్ళు ప్రారంభించారు. మంచి ఇళ్ళే. అయితే ఊరవతల ఇల్లొచ్చిన బీడీ కార్మికురాలి లెక్క వేరు. ఆకూ తంబాకూ తెచ్చుకునేదీ, కట్టలు అప్పజెప్పేదీ ఊళ్ళోనే. ఉర్దూ మీడియం బడి, మసీదు, కబరస్తాన్ ఊళ్ళోనే. ఆటో కిరాయి ఇంటి కిరాయిని మింగుతుంది.

మనిషిని కదిలించకుండా ఇంటి భారం సర్కారు మోసే దారి లేదా? ఐర్లండులో 2004లో ఒక పద్ధతి తెచ్చారు. పద్దెనిమిది నెలలకు మించి కిరాయి సాయం మీద బతుకుతున్నవాళ్ళ బాధ్యత స్థానిక కౌన్సిళ్ళకు అప్పగించారు. కౌన్సిల్ ఇంటి యజమానితో ఒప్పందం చేసుకొని కిరాయి నేరుగా ఇస్తుంది. కిరాయిదారు తన రాబడిని బట్టి కౌన్సిల్‌కు కడతాడు. కుదిరితే ఉన్న ఇంట్లోనే ఉండొచ్చు. లోపమూ ఉంది: గడువు తీరాక యజమాని తప్పుకోవచ్చు. అయినా యజమాని ముందు కిరాయిదారు ఒంటరిగా నిలబడడు. మన కేంద్ర సర్కారు కూడా 2020లో కిరాయి ఇళ్ళ పథకం తెచ్చింది. చండీగఢ్‌లో 2,195 ఫ్లాట్లను దాని కిందికి చేర్చారు. మన మునిసిపాలిటీల్లో మాత్రం ఆ ముచ్చటే వినపడదు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు ఇంటింటా కాగితాల వెతుకులాట మొదలైంది. మల్లేపల్లిలో మా మామూ తన తండ్రి నాటి రేకు పెట్టె తెరిచాడు. బోర్డుకు కట్టిన కిరాయి రశీదులు, ముద్రలతో, ఏళ్ళవారీగా దారం కట్టి ఉన్నాయి. కోరుట్లలో అమ్మీ కూడా తన పెట్టె తెరిచింది. ఏ నెలా బాకీ పడకుండా కిరాయి కట్టిన మనిషి. ఏ ఇంటాయనా ఒక్క రశీదు ఇవ్వలేదు.

"గీ ఊళ్ళెనే ఉన్ననని ఎవరు చెప్తరు బేటా?" అంది.

ఆ ప్రశ్న నన్ను కాదు, మునిసిపాలిటీని అడగాల్సింది.