దృష్టాంతమును సిద్ధాంతమును

తత్త్వవిచారము చేయువారికి రెండు సాధనములు గలవు. ఒకటి కంటికి గానరాని భావము. రెండవది కన్నులకు గట్టునట్టి చిత్రము. భావమాత్రముతో వ్రాసిన వచనము మనస్సున నిలువదు. చిత్రమాత్రముతో వ్రాసినది మనస్సును రంజింపజేసి విచారమును నిద్రపుచ్చును. ఈ రెంటి పొత్తు ఎట్లుండవలెనో మన నైయాయికులు ఏనాడో నిర్ణయించిరి. కొండపై నిప్పున్నదని సాధించువాడు పొగను హేతువుగా జూపి, వంటయింటిని దృష్టాంతముగా దెచ్చును. కాని వంటయిల్లొక్కటియే చాలదు. పొగ యున్నచోటనెల్ల నిప్పుండునను వ్యాప్తిని ముందు చెప్పి, దానికి సాక్షిగా వంటయింటిని నిలుపవలెను. దృష్టాంతము సాక్షియేగాని న్యాయాధిపతి కాదు.

ఈ నియమమును మఱచినచో ఎంతటి యనర్థము కలుగునో మన గృహచరిత్రమే చెప్పుచున్నది. కూతును పెండ్లిచేసి యిచ్చుటను పూర్వులు దానముగా భావించి కన్యాదానమనిరి. బిడ్డను అప్పగించు తండ్రి హృదయమును ఆ మాట చక్కగా చిత్రించునని మేమును ఒప్పుకొందుము. కాని మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయము దాయభాగమువలెనే కన్యనిచ్చుటయు ఒక్కమారే జరుగునని శాసించినది. ఆ యధ్యాయమే స్త్రీని క్షేత్రముగను, పురుషుని బీజముగను పోల్చి సంతానముపై హక్కును విచారించినది. ఇచ్చినదానిని మఱల ఇయ్యరాదు గనుక వితంతువునకు మఱల పెండ్లి లేదనుట ఈ త్రోవ ననుసరించిన వాదమే. భూమికి సమ్మతి లేదు, కన్యకు గలదు. పోలిక పొసగని యా యొక్కచోటనే అసంఖ్యాకములైన బాలవితంతువుల బ్రతుకులు బలియైనవి.

1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశరస్మృతిని ఆధారముగా గొని వితంతువివాహమును సమర్థించెను. 1856లో చట్టము వచ్చెను. 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తమ మొదటి వితంతువివాహమును జరిపించిరి. శాస్త్రవాక్యమును శాస్త్రవాక్యముతోనే ఎదిరించుట నాటి వాదములలో ప్రధానమైన పద్ధతి. గురజాడ అప్పారావుగారిది వేఱొక మార్గము. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన కన్యాశుల్కములో వారు శాస్త్రచర్చకు దిగక, పిల్లకు వెలకట్టు తండ్రినే రంగస్థలముపై నిలిపిరి. మోసగించు చిత్రమును నిజము చూపు చిత్రముతో జయించిరి. కావున చిత్రములను వెలివేయుట పరిహారము కాదు. వానిని పరీక్షించుటయే పరిహారము.

నేడును దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు గల కల్యాణమండపములలో చదువుకొని ఉద్యోగము చేయుచున్న కన్యలకు సైతము కన్యాదానము జరుగుచునే యున్నది. ఆ మాటను తుడిచివేయుమని మేము కోరుట లేదు. అది పోలికయే గాని హక్కు కాదని ప్రతి యింటను తెలిసిన చాలును. 1955 నాటి హిందూ వివాహచట్టము సప్తపది ఆచారముగా గల వివాహము ఏడవ యడుగుతో పూర్తియగునని చెప్పినది. దానములో కన్య ఇయ్యబడును. సప్తపదిలో ఆమె తానే నడచును. భావమునకు దగిన చిత్రము మన పెండ్లిపందిటనే యున్నది. దానిని ముందుకు దెచ్చుట గృహస్థుల పని.