రోడ్డు లోపం, చట్టబాధ్యత: కోనసీమ కాలువ గట్ల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• కోనసీమలో కాలువ గట్లు రోడ్లుగా మారిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• రోడ్డు లోపాలకు ప్రభుత్వ బాధ్యత అనే భావన ఎలా ఎదిగిందో తెలుసుకుంటారు.
• మోటారు వాహనాల చట్టంలోని 198-ఎ సెక్షను ప్రాముఖ్యాన్ని, పరిమితులను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

అమలాపురం నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా కొద్ది దూరంలోనే రోడ్డు పక్కన కాలువ కనిపిస్తుంది. ఒకవైపు నీరు, మరోవైపు కొబ్బరితోట లేదా వరిచేను. రాత్రివేళ మలుపులో కారు అదుపు తప్పి కాలువలో పడితే, మొదట వచ్చే ప్రశ్నలన్నీ డ్రైవరు గురించే: వేగంగా నడిపాడా, నిద్రపోయాడా, తాగాడా? ఆ మలుపులో రక్షణ గోడ ఎందుకు లేదన్న ప్రశ్న వెనక్కు పోతుంది. ఈ అలవాటుకు ఒక చరిత్ర ఉంది.

2. గట్టు రోడ్డుగా మారిన తీరు

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని నుంచి తవ్విన కాలువలు సాగునీటికే కాక పడవల రాకపోకలకు కూడా ఉపయోగపడ్డాయి. పడవలను తాడుతో లాగే మనుషులు గట్టు మీద నడిచేవారు. తరువాత అదే గట్టు మీదికి ఎడ్లబండ్లు, ఆపై బస్సులు, లారీలు, కార్లు వచ్చాయి. పైన తారు పడింది గాని, వెడల్పును, మలుపులను చాలాచోట్ల కాలువే నిర్ణయించింది. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రోడ్డు వెడల్పు, మలుపు, హెచ్చరిక గుర్తులు మొదలైనవాటికి ప్రమాణాలు రూపొందించింది. కాని అంతకు ముందే పుట్టిన గట్లకు వాటిని వర్తింపజేయడం తేలిక కాదు. పైగా గట్టు ఒక శాఖది, దాని మీది రోడ్డు మరొక శాఖది కావడంతో బాధ్యత చెదిరిపోతుంది.

3. న్యాయస్థానాల ఆలోచనలో మార్పు

ఇంగ్లండులో 1788 నాటి డెవాన్ కేసులో, శిథిలమైన వంతెన వల్ల బండి దెబ్బతిన్న వ్యక్తికి పరిహారం దక్కలేదు. జిల్లా ప్రజలందరి మీద దావా వేయడం కుదరదని, చెల్లించడానికి వారికి ఉమ్మడి నిధి లేదని కోర్టు భావించింది. రోడ్డును తప్పుగా తవ్వితే బాధ్యత ఉంటుంది గాని, మరమ్మతు చేయకుండా వదిలేస్తే ఉండదన్న సూత్రం అక్కడ 1961 చట్టం వచ్చే వరకు నిలిచింది.

మన దేశంలో 1861లో కలకత్తా సుప్రీంకోర్టు, పి. అండ్ ఓ. నౌకా సంస్థ కేసులో ప్రభుత్వ పనులను రెండుగా విభజించింది. సార్వభౌమాధికారంతో చేసే పనులకు దావా చెల్లదు; ప్రైవేటు వ్యక్తులు కూడా చేయగల పనులకు చెల్లుతుంది. ఈ గీత చాలాకాలం ప్రభుత్వాలకు కవచమైంది. 1966లో ఢిల్లీ చాందినీ చౌక్ గడియార స్తంభం కూలిన కేసులో, దారిన పోయేవారి మరణాలకు స్థానిక సంస్థదే బాధ్యత అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1994లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన నాగేంద్రరావు అండ్ కంపెనీ కేసులో ఆ పాత విభజనను మరింత బలహీనపరిచింది. అయితే 1997 రాజ్‌కోట్ కేసులో, చెట్టు కూలి పాదచారి మరణించినా నగరపాలక సంస్థను బాధ్యురాలిని చేయలేదు. ప్రమాదం పొంచి ఉందని సంస్థకు తెలుసా అన్నదే అక్కడ కీలకమైంది.

4. 198-ఎ సెక్షను

2019 సవరణతో వచ్చిన ఈ సెక్షను, నిర్దేశిత ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం లేదా వైకల్యం కలిగితే, రోడ్డు బాధ్యత గల అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చెబుతుంది. రోడ్డు స్వభావం, దాని మీద తిరుగుతాయని ఆశించదగిన వాహనాలు, నిర్వహణ స్థాయి, ప్రమాద స్థితి అధికారులకు తెలుసా, హెచ్చరిక బోర్డులు పెట్టారా అన్న అంశాలను కోర్టు చూడాలి. ఇవి ఇంగ్లండులోని 1980 హైవేల చట్టం 58వ సెక్షనుకు చాలా దగ్గరగా ఉన్నాయి. అక్కడ అవి పరిహార దావాలో సంస్థ చేసుకునే వాదనకు కొలతలు. ఇక్కడ శిక్షకు కొలతలయ్యాయి.

ఈ తేడా చిన్నది కాదు. జరిమానా సొమ్ము బాధితుని ఇంటికి నేరుగా చేరదు. మోటారు వాహన ప్రమాద నిధికి జమ అవుతుంది. ప్రమాద పరిహార ట్రిబ్యునల్ ప్రధానంగా డ్రైవరు, యజమాని, బీమా సంస్థల బాధ్యతను తేలుస్తుంది. యజమానే కారు నడుపుతూ కాలువలో పడి మరణిస్తే, ఆ కుటుంబానికి సాధారణంగా వ్యక్తిగత ప్రమాద బీమా మేరకే డబ్బు వస్తుంది. రోడ్డు లోపం మీద పరిహారం కావాలంటే సివిల్ దావా వేయాలి లేదా హైకోర్టులో రిట్ వేయాలి. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలికి ఈ దారి సుదీర్ఘమైనది, ఖర్చుతో కూడినది.

5. సారాంశం

రెండు శతాబ్దాలలో చట్టం 'రోడ్డు మీద దావా వేయలేము' అనే స్థితి నుంచి 'రోడ్డు వేసినవారు కూడా జవాబుదారులే' అనే స్థితికి వచ్చింది. శిక్ష దాకా వచ్చింది గాని, పరిహారం దాకా పూర్తిగా రాలేదు. ఈ క్రమమంతటా నిలిచిన ప్రశ్న ఒక్కటే: అధికారులకు ముందే తెలుసా? అందుకే మలుపులో గోడ కట్టమని గ్రామస్థులు ఇచ్చిన అర్జీ, దాని మీద పడిన కార్యాలయపు ముద్ర, తేదీ రేపటి కోర్టులో సాక్ష్యం కాగలవు. చరిత్ర విద్యార్థికి అది ఒక ఆధార పత్రం కూడా.

అభ్యాస ప్రశ్నలు

1. డెవాన్ కేసు తీర్పుకు గల కారణాలను వివరించండి.
2. 198-ఎ సెక్షను బాధితులకు ఎంతవరకు ఉపకరిస్తుందో చర్చించండి.
3. మీ ఊరి రోడ్డు ఏ శాఖ అధీనంలో ఉందో తెలుసుకొని, దాని చరిత్రను ఒక పేజీలో రాయండి.