నఖల్ ఉంటే చాలదు, ముఖాబలా కావాలి

మా భాంజా హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో పనిచేస్తాడు. మొన్న ఇంటికొచ్చినప్పుడు అడిగాను, "బేటా, మీరు నెలల తరబడి చేసే మెహనత్ అంతా ఎక్కడ దాస్తారు?" అని. "అంతా సర్వర్ల ఉంటది మామూ. బ్యాకప్ దానంతటదే అయితది. ఫికర్ లేదు" అన్నాడు. ఆ 'ఫికర్ లేదు' అన్న మాట నాకు గుచ్చుకుంది. ఒకప్పుడు ఆ ధీమాతోనే ఒక పెద్ద సినిమా మునిగిపోబోయింది. మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ పనుల్లోకి వెళ్తున్నారు కాబట్టి ఆ కిస్సా చెప్తాను.

యానిమేషన్ సినిమా ఒక్కరి పని కాదు. ఒకరు బొమ్మ తయారు చేస్తారు, ఒకరు దానికి రంగు వేస్తారు, ఒకరు నడిపిస్తారు, ఇంకొకరు వెలుగునీడలు చూస్తారు. అందరి చేతికీ అవే ఫైళ్లు అందాలి. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ 'ఎన్ఎఫ్ఎస్' అనే పద్ధతి తెచ్చింది. ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లు కూర్చున్నా, దూరాన ఉన్న ఒకే డిస్కు అందరికీ తమ సొంత డిస్కులాగే కనిపించేది. ఉమ్మడి సందూక్ అనుకోండి. ఇలాంటి సందూక్‌లో సౌలత్ ఎంత ఉందో ఖత్రా కూడా అంతే ఉంది. ఒక్కరి చెయ్యి జారితే అందరి సామానూ పోతుంది.

1998లో కాలిఫోర్నియాలోని పిక్సార్ స్టూడియోలో అదే జరిగింది. అప్పుడు 'టాయ్ స్టోరీ 2' తయారవుతోంది. ఎవరో ఫైళ్లు తుడిచేసే యునిక్స్ హుకుం ఒకటి ఇవ్వకూడని చోట ఇచ్చారు. టెక్నికల్ విభాగంలో ఉన్న ఓరెన్ జేకబ్, ఆయన సాథీలు చూస్తుండగానే వుడీ బొమ్మ టోపీ ఫైలు మాయమైంది, తర్వాత బూట్లు, తర్వాత వుడీయే లేడు. మెషీన్ ప్లగ్గు పీకేయమని ఫోన్ చేసేలోపే సినిమాలో దాదాపు 90 శాతం పోయిందని స్టూడియో పెద్ద ఎడ్ క్యాట్‌మల్ తన కితాబులో రాసుకున్నాడు.

ఫికర్ ఎందుకు, బ్యాకప్ ఉంది కదా అనుకున్నారు. తీరా చూస్తే ఆ బ్యాకప్ సరిగ్గా పనిచేయడమే లేదు. అంతవరకూ ఎవరికీ ఖబర్ లేదు. మెషీన్ తన పని తాను చేస్తోందనే నమ్మకంతో ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు.

సినిమాను కాపాడింది ఒక తల్లి. టెక్నికల్ డైరెక్టర్ గేలిన్ సుస్మన్ కాన్పు తర్వాత ఇంటి నుంచి పని చేసుకోవడానికి సినిమా కాపీ ఒకటి తన ఇంటి కంప్యూటర్లో పెట్టుకుంది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పెట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు జాగ్రత్తగా స్టూడియోకు తెచ్చారు.

మనం ఇక్కడిదాకా విని 'అల్‌హమ్దులిల్లాహ్' అనుకుంటాం. అసలు పని అప్పుడే మొదలైంది. ఇంట్లో దొరికిన కాపీ తాజాది కాదు. ఏ ఫైలు కొత్తది, ఏది పాతది, ఏది చెడిపోయింది? వేల ఫైళ్లను మనుషులే కూర్చొని సరిచూడాల్సి వచ్చింది.

ఈ పనికి మన దగ్గర పాత పేరుంది. ఈ రోజుల్లో ముఖాబలా అంటే పోటీ అనుకుంటాం. చేతిరాత కితాబుల కాలంలో నఖల్‌ను అసల్ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చదవడాన్ని కూడా ముఖాబలా అనేవారు. ఎక్కడిదాకా పోల్చారో మార్జిన్‌లో గుర్తు పెట్టేవారు. కాతిబ్ ఎంత అందంగా రాసినా, ముఖాబలా కాని నఖల్‌ మీద ఆలిములకు భరోసా కలిగేది కాదు.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు ఈ జాగ్రత్తను చాలా ముందే నేర్చుకున్నారు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ 'ఎస్‌సీసీఎస్' తయారు చేశాడు. పాతదాన్ని చెరపకుండా, ప్రతి మార్పునూ తారీఖుతో, పేరుతో దాచే ఏర్పాటు అది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ 'గిట్' తెచ్చాడు. ఇవన్నీ ముఖ్యంగా అక్షరాల కోసం పుట్టినవి. ఇద్దరు ఒకే ఫైలు మారిస్తే గిట్ పంక్తి పంక్తి పోల్చి కలపగలదు. బొమ్మల ఫైళ్లను అలా కలపలేం. అందుకే యానిమేషన్ వాళ్లు 'లాక్' వాడతారు. ఒకరి చేతిలో ఉన్న ఫైలును ఇంకొకరు మార్చలేరు. మార్చిన ఫైలును తిరిగి అప్పగించిన ప్రతిసారీ మెషీన్ దానంతటదే కొత్త నంబరు ఇస్తుంది. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'అసలు ఫైనల్' అని పేర్లు పెట్టుకునే తంటా తప్పుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని బ్లెండర్ వాళ్లు తమ సినిమాలకు 'సబ్‌వర్షన్' అనే సాఫ్ట్‌వేర్‌తో ఇలాంటి హిసాబే పెట్టుకున్నారు.

ఇదంతా మెషీన్ చేయాల్సిందే. మనిషి మరిచిపోతాడు, అలసిపోతాడు. కానీ మెషీన్ చేసిన నఖల్‌కు ముఖాబలా చేయించే జిమ్మేదారీ మాత్రం మనిషిదే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేనూ పోగొట్టుకున్నవాడినే. మా అబ్బా ఇంతెకాల్‌కు ముందు తన బచ్‌పన్ కబుర్లు చెప్తుంటే రికార్డు చేశాను. రెండు చోట్ల కాపీ చేసి బేఫికర్‌గా ఉన్నాను. మూడేళ్లకు అమ్మీ వినాలని అడిగితే తెరిచాను. రెండు చోట్లా ఫైలు పేరుంది, లోపల ఏమీ లేదు. మొదటి కాపీయే చెడిపోతే, దాని మీంచే రెండోది చేశాను. ఒక్కసారైనా విని చూడలేదు. అమ్మీ ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లిపోయింది.

అందుకే భాంజాకు ఒకటే చెప్పాను. "వచ్చే జుమ్మాలోపు మీ బ్యాకప్‌లోంచి ఒక షాట్ వాపస్ తీసి, తెరిచి, నడిపించి చూడండి బేటా. నడిస్తేనే అది బ్యాకప్."

మీక్కూడా అదే చెప్తున్నాను. ఇంట్లో పెద్దల గొంతులు, నికా వీడియోలు ఎక్కడో ఒక డిస్కులో ఉండే ఉంటాయి. అవి మన దగ్గరున్న అమానత్. ఈ రోజే ఒకటి తెరిచి, చివరిదాకా వినండి.