సంఘ కాపరుల పుస్తకాలు: నాయకత్వం, సంఘాభివృద్ధి గ్రంథాల చరిత్ర

క్రైస్తవ సంఘ నాయకుల కోసం పుస్తకాలు రాయడం పదహారు వందల ఏళ్ళుగా సాగుతోంది. కాపరి ఎలా బతకాలో చెప్పేవి కొన్ని, సంఘం ఎలా పెరుగుతుందో చెప్పేవి కొన్ని. ఈ రెండో రకం అమెరికాలో పుట్టిందనే చాలామంది నమ్మకం. నిజానికి దాని వేళ్ళు భారతదేశపు పల్లెల్లో ఉన్నాయి. అందులో ఒంగోలు, గుంటూరు, కంభం ప్రాంతాల వాటా పెద్దది. ఇక్కడి అనుభవం సముద్రాలు దాటి సిద్ధాంతంగా మారింది, ఇంగ్లీషు పుస్తకంగా అచ్చయి తిరిగి తెలుగు పాస్టర్ల బల్లల మీదికి చేరింది. అయితే వెళ్ళినదంతా తిరిగి రాలేదు.

మొదటి పుస్తకాలు బాధ్యతకు భయపడినవారు రాసినవి. 362 ప్రాంతంలో గురువుగా అభిషేకం పొందిన నజియాంజస్ గ్రెగొరీ ఆ భారానికి జంకి ఊరు విడిచి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చాక ఎందుకు పారిపోయాడో వివరిస్తూ చేసిన ప్రసంగమే కాపరి పరిచర్య మీద తొలి గొప్ప రచన. 590లో రోమ్ పోపు అయిన మరో గ్రెగొరీదీ ఇదే కథ. పదవి తప్పించుకోవాలని చూశావని రవెన్నా బిషప్ జాన్ మందలిస్తే, దానికి జవాబుగా ‘రెగులా పాస్టొరాలిస్’ రాశాడు. ఇందులో మూడో భాగం ఈనాటికీ ఆశ్చర్యపరుస్తుంది. ధనికుడికి ఒకలా, పేదకు ఇంకోలా. సంతోషంగా ఉన్నవారికి ఒకలా, దిగులుగా ఉన్నవారికి ఇంకోలా. మాట్లాడనివారికి, అతిగా మాట్లాడేవారికి వేర్వేరుగా బోధించమంటూ నలభై అధ్యాయాలు నడుస్తాయి. తొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండు రాజు ఆల్‌ఫ్రెడ్ దాన్ని తన ప్రజల భాషలోకి తెచ్చి బిషప్పులకు ఒక్కో ప్రతి పంపాడు. వూస్టర్‌కు పంపిన ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఇప్పటికీ ఉంది. సంఘ నాయకులు ఏం చదవాలో పైనుంచి ఎంచి పంపడానికి ఇంతకన్నా పాత ఉదాహరణలు అరుదు.

కాపరి గుణాలతో పాటు కాపరి దినచర్యను కూడా పుస్తకంలోకి ఎక్కించినవాడు రిచర్డ్ బాక్స్‌టర్. ఇంగ్లండులో నేతగాళ్ళు ఎక్కువగా ఉండే కిడర్‌మిన్‌స్టర్ పట్టణం ఆయనది. సంఘంలో దాదాపు 800 కుటుంబాలు. వారంలో సోమ, మంగళవారాలు ఆయనా, ఆయన సహాయకుడూ కుటుంబాలతో కూర్చునేవారు. పట్టణంవాళ్ళు బాక్స్‌టర్ ఇంటికి వస్తే, సహాయకుడు చుట్టుపక్కల పల్లెలకు వెళ్ళేవాడు. ఒక్కో కుటుంబానికి సుమారు గంట. ప్రశ్నోత్తర బోధ చదివించి, అర్థమైందో లేదో అడిగి, తర్వాత వారి బతుకు సంగతులు మాట్లాడేవాడు. ఇలా ఏడాదిలో పట్టణమంతా పూర్తయ్యేది. చర్చిలో జనం పట్టక అయిదు గ్యాలరీలు కట్టాల్సి వచ్చింది. 1655 డిసెంబరులో వూస్టర్‌లో తోటి పాదిరుల ముందు ఈ పద్ధతి వివరించాల్సి ఉండగా జబ్బు పడ్డాడు. వెళ్ళలేకపోయిన ఆ ప్రసంగమే పెరిగి 1656లో ‘ది రిఫార్మ్‌డ్ పాస్టర్’ అయింది. ఆత్మల సంరక్షణ, సంఘం పెరుగుదల ఒకే పుస్తకంలో, ఒకే పనిగా కనిపిస్తాయి ఇందులో. ఈ రెంటినీ విడదీయాలన్న ఆలోచన బాక్స్‌టర్‌కు తట్టనే లేదు.

మెథడిస్టు నాయకుడు జాన్ వెస్లీ దగ్గర ఈ సంరక్షణ పని లెక్కల పుస్తకంలోంచి మొదలైంది. 1742లో బ్రిస్టల్ ప్రార్థనా మందిరం మీద ఉన్న అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మందిగా విడగొట్టి, వారానికి ఒక పెన్నీ వసూలుకు ఒక్కో నాయకుణ్ణి పెట్టారు. ఇంటింటికీ తిరిగిన నాయకులు డబ్బుతో పాటు ఇళ్ళలోని తాగుడు, తగవుల కబుర్లు కూడా తెచ్చారు. ఇంతకాలం తాను వెతుకుతున్న మార్గం ఇదేనని వెస్లీ గుర్తించాడు. మెథడిస్టు క్లాసు కూడికలు అక్కడినుంచే పుట్టాయి. తర్వాతి కాలంలో ఇళ్ళలో నడిచిన చిన్న కూడికలకు, అంటే సెల్ గ్రూపులకు, ముత్తాత అదే.

కాపరులకు పుస్తకాలు సిఫారసు చేయడమనే పనిని పరిచర్యగా మార్చినవాళ్ళు స్పర్జన్ దంపతులు. బాప్టిస్టు బోధకుడు చార్లెస్ స్పర్జన్ లండన్‌లో 1856లో పాస్టర్ల కళాశాల మొదలుపెట్టాడు. శుక్రవారం మధ్యాహ్నాల్లో విద్యార్థులకు చెప్పిన పాఠాలు 1875లో ‘లెక్చర్స్ టు మై స్టూడెంట్స్’గా వచ్చాయి. ప్రతి పాస్టరుకూ ఈ పుస్తకం అందితే బాగుండునని భార్య సుసానా అంది. అయితే నువ్వు ఎంత ఇస్తావని ఆయన అడిగాడు. ఆమె అప్పటిదాకా ఒక్కొక్కటిగా దాచిన క్రౌన్ నాణేలు లెక్కపెడితే సరిగ్గా వంద ప్రతులకు సరిపోయాయి. మంచాన పడిన ఆ మనిషి అప్పటినుంచి పుస్తక నిధి నడిపింది. జీతం చాలక పుస్తకం కొనలేని పల్లె పాస్టర్లకు, 1903లో చనిపోయేదాకా, లక్షల్లో పుస్తకాలు పంపింది. స్పర్జన్ 1876లో వేసిన ‘కామెంటింగ్ అండ్ కామెంటరీస్’ దాదాపు 1,400 వ్యాఖ్యానాల పట్టిక. తప్పక కొనవలసినవాటిని ముద్ద అక్షరాల్లో, పెద్దగా అక్కర్లేనివాటిని చిన్న అక్షరాల్లో అచ్చు వేయించాడు. బీద పాస్టరు జేబులోంచి ఒక్క షిల్లింగు కూడా వృథా కాకూడదన్న తపన అందులో కనిపిస్తుంది.

ఇక తెలుగు నేల. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. ఆ ఏడాదే తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. ఆయన మాదిగ, అప్పటికే తాత్త్విక గురువుల దగ్గర తిరిగిన సాధకుడు. పేరయ్య బంధువులు, వియ్యాలవారు ఊరూరా ఉన్నారు. ఆ చుట్టరికాల వెంట సువార్త నడిచింది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని అగ్రకులాలవారు క్లౌకు తేల్చి చెప్పారు. క్లౌ, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే ఎదురైందని, లోకం నీచులన్నవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట చదివి నిర్ణయం తీసుకున్నామని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి చూపించాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకుండా కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులే. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. క్లౌ మరణించాక 1914లో ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ పేరుతో వచ్చిన ఆయన ఆత్మకథ, సంఘం పెరుగుదల మీద సిద్ధాంతం పుట్టకముందే వచ్చిన సాక్ష్యం.

1912లో రెండు సంగతులు జరిగాయి. ఉత్తర చైనాలో పనిచేసి వచ్చిన ఆంగ్లికన్ పాదిరి రోలండ్ అలెన్ ‘మిషనరీ మెథడ్స్: సెయింట్ పాల్స్ ఆర్ అవర్స్?’ ప్రచురించాడు. పౌలు ఒక ఊళ్ళో కొద్దికాలమే ఉండి, స్థానిక పెద్దలను నియమించి, వారిని నమ్మి వెళ్ళిపోయేవాడు. మనం మాత్రం తరాల తరబడి పెత్తనం వదలడం లేదని అందులో నిలదీశాడు. అదే ఏడాది డిసెంబరు 29న వేదనాయకం సామ్యూల్ అజరయ్య కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది దోర్నకల్ పీఠం చేపట్టాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో తిరిగాడు. బాప్తిస్మం పొందినవారి చేత నెత్తిమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవాడు. పల్లె ఉపదేశులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వారి భార్యలకూ ఇప్పించాడు. బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌తో కలిసి ‘క్రైస్ట్ ఇన్ ది ఇండియన్ విలేజెస్’ రాశాడు. అలెన్ ఊహించి రాసినదాంట్లో చాలా భాగం దోర్నకల్‌లో నడిచి చూపించింది. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివినవారికి మాత్రమే అలెన్ పుస్తకం పూర్తిగా తెరుచుకుంటుంది.

సర్వే పద్ధతి 1933లో వచ్చింది. మెథడిస్టు మిషనరీ వాస్కమ్ పికెట్ ‘క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా’ కోసం దేశంలో కొన్ని ప్రాంతాలు ఎంచుకుని వేలాది కుటుంబ పెద్దలను ప్రశ్నించాడు. గుంటూరు, కంభం ఆ జాబితాలో ఉన్నాయి. ఎందుకు చేరారు? పరలోక ప్రార్థన వచ్చా? ఆరాధనకు వెళ్తారా? దయ్యాల భయం పోయిందా? తాగుడు మానారా? ఇలాంటివి అడిగి లెక్క వేశాడు. తేలిన ముఖ్య విషయం ఇది: చేరినప్పటి ఉద్దేశం ఏదైనా, చేరిన తర్వాత అందిన బోధ, కాపరి సంరక్షణలే ఆ కుటుంబం ఎలా ఎదిగిందన్నదాన్ని ఎక్కువగా నిర్ణయించాయి. సంఘాభివృద్ధి మీద వచ్చిన పరిశోధనల్లో ఇంతకన్నా పనికొచ్చే వాక్యం మరొకటి లేదనే చెప్పాలి. బాక్స్‌టర్ సోమ, మంగళవారాల్లో చేసిన పని ఇదే. ఇక్కడ దానికి లెక్కలు దొరికాయి.

పికెట్‌ను చదివి మారినవాడు డోనల్డ్ మెక్‌గావ్రన్. 1897లో దమోహ్‌లో మిషనరీ కుటుంబంలో పుట్టాడు. మధ్య భారతంలో ఆస్పత్రులు, బడులు బాగా నడుస్తున్నా సంఘాలు ఏడాదికి దాదాపు ఒక్క శాతమే పెరుగుతున్నాయని చూసి కలతపడ్డాడు. ఛత్తీస్‌గఢ్‌లో సత్నామీ కులంవారి మధ్య సుమారు పదిహేడేళ్ళు పనిచేశాడు. అక్కడ ఆశించినంత పెద్ద ఉద్యమం రాలేదు. 1955లో ‘ది బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్’ రాశాడు. విశ్వాసం బంధుత్వాల వంతెనల మీదుగా నడుస్తుందని, జనాన్ని వారి కుటుంబాల నుంచి వేరుచేసి మిషను కాంపౌండులో పెట్టడం వల్లే ఆ వంతెనలు కూలిపోతున్నాయని దాని వాదం. పేరయ్య చుట్టాల వెంట జరిగింది అచ్చంగా ఇదే. 1965లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్ సెమినరీలో ప్రపంచ మిషన్ పాఠశాలకు మొదటి డీన్ అయ్యాడు. 1970లో ‘అండర్‌స్టాండింగ్ చర్చ్ గ్రోత్’ వచ్చింది. ఆ తర్వాత అమెరికా పాస్టర్లు ఆయన తరగతులకు వరసకట్టారు.

అసలు గొడవ కూడా ఆ పుస్తకంతోనే వచ్చింది. కులం, భాష, వర్గం గీతలు దాటనక్కర్లేకుండా క్రైస్తవులు కావడానికే జనం ఇష్టపడతారని మెక్‌గావ్రన్ రాశాడు. దీనికే సజాతీయ సమూహ సూత్రమని పేరు. చూసినదాన్ని చెప్పడంగా అది నిజమే. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ కావడం తెలుగువారందరికీ తెలిసిందే. కానీ అలాగే ఉండాలని బోధించడం వేరు. ఆ తేడా చెరిగిపోతే, కులాన్ని సంఘం లోపల కూర్చోబెట్టడానికి ఒక సిద్ధాంతం దొరికినట్టవుతుంది. 1977లో పసడేనాలో జాన్ స్టాట్ అధ్యక్షతన జరిగిన సదస్సులో లాటిన్ అమెరికా వేదాంతి రెనే పడియా ఈ సూత్రాన్ని గట్టిగా ఎదిరించాడు. దక్షిణ ఇండియా సంఘంలో మదురై, మద్రాసు బిషప్‌గా పనిచేసిన లెస్లీ న్యూబిగిన్ 1978లో ‘ది ఓపెన్ సీక్రెట్’లో మెక్‌గావ్రన్‌ను గౌరవంగానే తప్పుపట్టాడు. మద్రాసు నగర పాదిరులకు ఆయన చేసిన ప్రసంగాల సంపుటి ‘ది గుడ్ షెపర్డ్’. మన నగరాల్లో, మన ఎండల్లో పనిచేసే కాపరిని ఎదురుగా పెట్టుకుని మాట్లాడిన అరుదైన పుస్తకం అది.

1974లో జపాన్‌లోని నాగసాకిలో ఉన్న ఒక అమెరికన్ విద్యార్థి పాత పత్రికలో మెక్‌గావ్రన్ గురించి వ్యాసం చదివాడు. ఆ విద్యార్థి పేరు రిక్ వారెన్. 1980లో కాలిఫోర్నియాలో ఇంటింటికీ తిరిగి చర్చికి ఎందుకు రారని అడిగి, ఆ జవాబుల మీద సాడిల్‌బ్యాక్ సంఘాన్ని కట్టాడు. 1995లో వచ్చిన ‘ది పర్పస్ డ్రివెన్ చర్చ్’ ప్రపంచమంతా పాకింది. అంతకుముందు, 1981లో, కొరియా పాస్టరు యోంగి చో గృహ కూడికల మీద తన పుస్తకం తెచ్చాడు. 1964లో పని భారంతో కుప్పకూలిన చో ఇళ్ళలో కూడికలు పెట్టమంటే మగ పెద్దలు వెనకాడారు; స్త్రీలు ముందుకొచ్చి నడిపించారు. ఆ సంఘం ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటైంది. చో పుస్తకంలోంచి కూడికల పద్ధతి తీసుకుని స్త్రీల నాయకత్వాన్ని వదిలేసిన సంఘాలు ఆయన చెప్పినదాంట్లో సగమే చదివినట్టు.

నాయకత్వం మీద పుస్తకాలు వేరే దారిలో వచ్చాయి. ఓస్వాల్డ్ సాండర్స్ ‘స్పిరిచువల్ లీడర్‌షిప్’ 1967లో వచ్చింది; అది ప్రార్థన, క్రమశిక్షణల పుస్తకం. 1998 నాటి జాన్ మాక్స్‌వెల్ ‘21 సూత్రాలు’ కంపెనీ మేనేజర్లకూ, పాస్టర్లకూ ఒకేలా అమ్ముడయ్యాయి. ఆ గాలికి ఎదురు నిలిచినవాళ్ళలో హెన్రీ నోవెన్ ఒకడు. హార్వర్డ్ బోధన వదిలి టొరంటో దగ్గర మానసిక వైకల్యం ఉన్నవారి మధ్య నివసించిన ఈ కాథలిక్ గురువు 1989లో ‘ఇన్ ది నేమ్ ఆఫ్ జీసస్’ రాశాడు. ఒక్క పూటలో చదవగల చిన్న పుస్తకం. లోకానికి పనికొచ్చేవాడిగా కనిపించడం, జనాదరణ, అధికారం అనే శోధనలను అది నేరుగా పేరు పెట్టి పిలుస్తుంది.

జర్మనీకి చెందిన క్రిస్టియన్ ష్వార్జ్ 1996లో 32 దేశాల్లో వెయ్యి సంఘాలను పరిశీలించి, సంఖ్య కన్నా ఎనిమిది నాణ్యతా లక్షణాలు చూడమన్నాడు. 2007లో షికాగో దగ్గరి విల్లో క్రీక్ సంఘం ‘రివీల్’ పేరుతో తన సర్వే ఫలితాలు బయటపెట్టింది. కార్యక్రమాల్లో ఎంత ఎక్కువగా పాల్గొంటే విశ్వాసి అంతగా ఎదుగుతాడన్న లెక్క తప్పిందని ఒప్పుకుంది. అంత పెద్ద సంఘం ఆ మాట ధైర్యంగా చెప్పడం గౌరవించదగ్గదే. గుంటూరు, కంభం పల్లెల్లో అడిగి పికెట్ తేల్చిన విషయం దీనికి 74 ఏళ్ళ ముందే అచ్చులో ఉంది.

నాలుగైదు పల్లెలు చూసుకునే తెలుగు కాపరికి ఈ వరసలో అన్నీ ఒకేలా పనికిరావు. వారెన్ పుస్తకం కార్లున్న శివారు కాలనీని చూసి రాసింది. అందులోని ప్రశ్నలు అడిగే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది, పార్కింగు గురించిన సలహాలు కాదు. బాక్స్‌టర్ ఇంటింటి బోధ ఏ పల్లెకైనా సరిపోతుంది, దానికి డబ్బు అక్కర్లేదు. పికెట్, క్లౌ పుస్తకాల్లో ఉన్నది ఆ కాపరి తాతముత్తాతల చరిత్రే కాబట్టి వేదాంత కళాశాలల్లో వాటిని మెక్‌గావ్రన్ కన్నా ముందే చదివించడం మేలు. అప్పుడు మెక్‌గావ్రన్ సూత్రాల్లో ఏది తమ ఊళ్ళ నుంచి వెళ్ళిందో, ఏది బయట కలిసిందో విద్యార్థులు తామే పోల్చుకోగలరు.