చర్మం: పైపొర మారడం, గాయం మానడం

మనిషి చర్మం పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసుకుంటుంది. తెగినా కాలినా ఆ చోటును పూడ్చుకుంటుంది. పైపొర మారినప్పుడు పాతదాని లాంటి చర్మమే వస్తుంది. గాయం లోతుగా పడితే మాత్రం మచ్చ మిగులుతుంది. కృష్ణా డెల్టాలో ఈ రెండు పనులనూ వ్యవసాయ కూలీల కాళ్ళూ చేతులూ చూస్తే తెలుస్తుంది.

పైపొర అట్టడుగు వరుసలోని మూలకణాలు విభజన చెందుతూ ఉంటాయి. కొత్త కణాలు పైకి జరుగుతూ కెరటిన్‌తో నిండి, చదునై, చనిపోయి చివరకు పొట్టుగా రాలిపోతాయి. యుక్తవయసులో ఇందుకు సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది, వయసు పైబడితే ఇంకా ఎక్కువ. రాపిడి ఎక్కువైన చోట ఈ పొర మందమవుతుంది. పార, కొడవలి పట్టే అరచేతులు కాయలు కాసేది ఇందుకే. కొన్నాళ్ళు పని ఆగితే కాయ పలచబడుతుంది.

ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్ళు వదిలి నాట్లు మొదలయ్యాక ఆడకూలీలు పొద్దస్తమానం బురదలోనే ఉంటారు. పాదాల మీది మృతకణాల పొర నీళ్ళు పీల్చి తెల్లగా ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. వేళ్ళ సందులు ఒరిసిపోతాయి. అక్కడ బూజు, బాక్టీరియా చేరతాయి. రాత్రి కాళ్ళు కడిగి, సందులు తుడిచి ఆరబెడితే పొర కొంత కోలుకుంటుంది. మర్నాడు మళ్ళీ మడిలో దిగక తప్పదు, కాబట్టి ఆ కొద్ది గంటల ఆరుదల చాలా విలువైనది.

కోతల్లో కొడవలి వేలికి తగిలిందనుకుందాం. నిమిషాల్లో రక్తఫలకికలు గుమిగూడతాయి, ఫైబ్రిన్ వల అల్లుకుని రక్తం గడ్డకడుతుంది. కొన్ని గంటల్లో తెల్లకణాలు వచ్చి సూక్ష్మజీవులను చంపుతాయి. చుట్టూ ఎర్రబడి వెచ్చగా ఉండేది అప్పుడే. ఆపై ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొల్లాజెన్ పోగులు తయారుచేస్తాయి, కొత్త రక్తనాళాలు పుడతాయి. గాయం అంచుల నుంచి, వెంట్రుకల కుదుళ్ళ నుంచి, చెమట నాళాల నుంచి పైపొర కణాలు పాకుతూ ఖాళీని కప్పుతాయి. పైపైన కాలిన చర్మం రెండు మూడు వారాల్లో మానడానికి ఆ కుదుళ్ళే ఆధారం. అవి కూడా కాలిపోతే వేరేచోటి చర్మం తెచ్చి అతకవలసి వస్తుంది. పూడిన చోట కొల్లాజెన్ సర్దుబాటు నెలల తరబడి సాగుతుంది. అయినా మచ్చకు మొదటి చర్మంలో సుమారు 80 శాతం బలమే వస్తుంది.

కొల్లాజెన్ మూడు పోగులు పెనవేసుకున్న తాడులా ఉంటుందని 1954, 1955లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చూపారు. అదే నగరంలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు సారథ్యం వహించిన యలవర్తి నాయుడమ్మ (1922-1985) తెనాలి ప్రాంతపు యలవర్రులో పుట్టిన డెల్టా బిడ్డ. తోలు పదును చేయడమంటే పశుచర్మంలోని కొల్లాజెన్ కుళ్ళిపోకుండా స్థిరపరచడమే. కాలిన గాయాల మీద కప్పే కొల్లాజెన్ పొరలను కూడా తర్వాతి కాలంలో ఆ సంస్థే రూపొందించింది.

పుండును గాలికి వదిలి పక్కు కట్టనివ్వాలన్న నమ్మకం ఇంకా బలంగానే ఉంది. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన పరిశోధనలో, తేమ ఆరకుండా కప్పిన గాయాల మీద పైపొర దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. పక్కు కింద కణాలు ఎండిన భాగాన్ని తప్పించుకుంటూ లోతుగా పాకవలసి వస్తుంది. గాయం మీద బూడిద, కాఫీపొడి చల్లడం మరీ హానికరం. మంచినీళ్ళతో కడిగి శుభ్రమైన కట్టు కట్టడం మేలు. బురదలో తగిలిన గాయమైతే ధనుర్వాతం టీకా సంగతి వైద్యుణ్ణి అడగాలి.

మధుమేహం ఉన్నవారిలో ఈ క్రమమంతా కుంటుపడుతుంది. రక్తప్రసరణ తగ్గుతుంది, తెల్లకణాలు చురుగ్గా పనిచేయవు. పాదంలో స్పర్శ పోయినవారికి ముల్లు దిగినా తెలియదు. నొప్పి లేదు కదా అని అదే పుండు మీద నడుస్తూనే ఉంటారు. అలాంటి పాదం మీద బరువు పడకుండా చూస్తేనే మందులు పనిచేస్తాయి.