బొమ్మలు వేసినవాళ్ల బొమ్మల కథలు

ఇంగ్రి, ఎడ్గర్ డోలేర్ దంపతులు అబ్రహాం లింకన్ జీవితాన్ని పిల్లల కోసం బొమ్మల పుస్తకంగా తెచ్చింది 1939లో. మరుసటి ఏడాది దానికి, పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం వచ్చింది. అమెరికాలో బొమ్మల జీవితచరిత్రకు దారి వేసిన పుస్తకాల్లో అదొకటి. అయితే ఆ పుటల్లో చాలాకాలం చోటు దొరికింది ఎక్కువగా దేశనాయకులకూ, అన్వేషకులకే. పిల్లలకు కథ రాసి బొమ్మలూ తామే వేసినవాళ్ల వంతు బాగా ఆలస్యమైంది. డిస్నీలో పనిచేసిన బిల్ పీట్ 1989లో తన కథ తానే బొమ్మలతో చెప్పుకున్నాడు. పోయినవాళ్ల కథ చెప్పాలంటే మాత్రం వాళ్ల ఉత్తరాలూ, చిత్తుప్రతులూ, డైరీలూ ఎవరో ఒకరు భద్రపరిచి ఉండాలి. ఈ పుస్తకాల చరిత్ర అక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

పిల్లలకు కథలు రాసి బొమ్మలూ తానే వేసిన బియాట్రిక్స్ పాటర్ సంగతే చూడండి. పదిహేనో ఏట మొదలుకొని ముప్పయ్యో ఏట దాకా ఆమె సొంతంగా కల్పించుకున్న రహస్య లిపిలో డైరీ రాసుకుంది. 1943లో ఆమె పోయాక ఆ కాగితాలు ఎవరికీ కొరుకుడు పడలేదు. లెస్లీ లిండర్ అనే అభిమాని ఏళ్ల తరబడి వాటితో కుస్తీ పట్టాడు. 1958లో ఒకచోట 16 అన్న రోమన్ అంకె, 1793 అన్న సంవత్సరం అతని కంటబడ్డాయి. ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ తల తెగిన ఏడాది అది. ఆ కొస పట్టుకుని లిపి మొత్తం విప్పాడు. డైరీ 1966లో అచ్చయింది. బొమ్మ గీయడానికి అరువు తెచ్చిన గినీపిగ్ అట్టలూ కాగితాలూ తిని చచ్చిపోయిన వైనం అందులోదే. డెబోరా హాప్కిన్సన్ 2016లో ఆ ఒక్క సంఘటన మీదే పుస్తకం రాసింది. పుట్టుక నుంచి చావు దాకా చెప్పితీరాలన్న పాత పద్ధతిని వదిలిన ఆ తెగువ నాకెంతో ఇష్టం.

అదే 1966లో సదరన్ మిసిసిపీ విశ్వవిద్యాలయంలో డి గ్రమండ్ బాలసాహిత్య సేకరణ మొదలైంది. క్యూరియస్ జార్జ్ అనే కోతిని సృష్టించిన రే దంపతుల కాగితాలు అక్కడున్నాయి. జర్మన్ యూదులైన వాళ్లిద్దరూ 1940 జూన్‌లో నాజీ సేనలు వచ్చిపడే ముందు, భర్త హాన్స్ విడిభాగాలతో బిగించిన సైకిళ్లెక్కి పారిస్ వదిలారు. జార్జ్ కథ చిత్తుప్రతి వాళ్ల సామానులోనే ఉంది. లూయీజ్ బోర్డెన్ ఇవన్నీ గాలించి 2005లో తెచ్చిన పుస్తకంలో ఆలన్ డ్రమండ్ బొమ్మల పక్కనే అసలు ఫొటోలూ పత్రాలూ కనిపిస్తాయి.

ఎజ్రా జాక్ కీట్స్ కాగితాలు చేరిందీ ఆ డి గ్రమండ్ సేకరణకే. బ్రూక్లిన్‌లో పేద యూదు కుటుంబంలో పుట్టిన కీట్స్, 1940లో లైఫ్ పత్రికలో వచ్చిన ఒక నల్లజాతి పిల్లాడి ఫొటోలు కత్తిరించి ఇరవయ్యేళ్లకు పైగా దాచుకున్నాడు. 1962లో వచ్చిన అతని బొమ్మల పుస్తకం 'ది స్నోయీ డే'లో పీటర్ అనే పిల్లాడికి ప్రాణం పోసింది ఆ ముఖమే. బొమ్మలు కూడు పెట్టవని కసిరే తండ్రి చనిపోయాక, కొడుకు బహుమతుల గురించిన పత్రికా వార్తల ముక్కలు ఆయన పర్సులో దొరికాయి. ఆండ్రియా డేవిస్ పింక్నీ 2016లో కీట్స్ జీవితాన్ని పద్యరూపంలో చెప్పింది.

పాత పిల్లల జీవితచరిత్రల్లో కల్పిత సంభాషణలకు అడ్డూ అదుపూ ఉండేది కాదు. ఇప్పుడు ఏది నిజమో, ఏది కల్పనో చివర్లో చెప్పడం రివాజైంది. హాప్కిన్సన్ పుస్తకంలో గినీపిగ్‌ను అరువు తెచ్చేది చిన్నపిల్ల. నిజానికి అప్పుడు పాటర్‌కు ఇరవై ఆరేళ్లు. ఆ వయసును కథలోనే ఉంచాల్సిందని నాకనిపిస్తుంది. పెళ్లికాక, తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటూ జంతువుల బొమ్మలు గీసుకుంటున్న ఆ యువతే, అదే ఏడాది, 1893 సెప్టెంబరులో జబ్బుపడ్డ నోయెల్ మూర్ అనే అయిదేళ్ల పిల్లవాడికి ఉత్తరంలో పీటర్ రాబిట్ కథను బొమ్మలతో సహా రాసి పంపింది.